ఐదో పేరు లేని 1984: ‘ఎన్‌బిఎ 2కె23’ గురించి

ఏటా వచ్చే వస్తువుని సమీక్షించడం ఎలా? ఉగాదికి కొనే పంచాంగం మీద ఎవరూ వ్యాసం రాయరు. అట్ట మీద సంవత్సరం పేరు మారుతుంది, లోపల తిథులూ నక్షత్రాలూ మారతాయి, కొనేవాళ్ళు కొంటారు, మళ్ళీ ఉగాది వచ్చేసరికి అది అటకెక్కుతుంది. ‘ఎన్‌బిఎ 2కె’ అనే బాస్కెట్‌బాల్ వీడియో గేమ్ కూడా అచ్చంగా ఆ జాతి సరుకే. 1999లో సెగా వాళ్ళ డ్రీమ్‌కాస్ట్ మీద మొదలైంది. అప్పటినుంచీ ఏటా అమెరికాలో బాస్కెట్‌బాల్ సీజన్ మొదలవబోయే ముందు కొత్త అంకె తగిలించుకుని వస్తోంది.

పోలిక ఇంకా సాగుతుంది. మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని పంచాంగం నాలుగు అంకెలు వేసి చేతులు దులుపుకుంటుంది కదా, ఈ గేమ్ కూడా ప్రతి ఆటగాడి నెత్తిన వందలోపు ఒక అంకె పెడుతుంది. 2కె23లో యానిస్ అంటెటొకౌన్‌పోకి 97, కెవిన్ డ్యురాంట్‌కి 96. తనకి 99 ఎందుకు ఇవ్వలేదని డ్యురాంట్ ట్విటర్‌లో అందరి ముందే అడిగాడు. రెండుసార్లు ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడుగా నిలిచిన మనిషి, ఒక బొమ్మల ఆటలో మూడు మార్కులు తక్కువయ్యాయని నొచ్చుకున్నాడు. అవమానం 3 అన్నమాట. ఇందులో నవ్వుకోవడానికి ఎంత ఉందో ఆలోచించడానికీ అంతే ఉంది. ఒక ఆట గురించి ఒక తరం మనసులో ఉండే బొమ్మని గీసేది ఇప్పుడు పత్రికలూ టీవీలే కాదు, ఈ గేమ్ కూడా.

అందుకే దీన్ని పంచాంగంలా వదిలెయ్యబుద్ధి కాలేదు. 2022 సెప్టెంబర్ 9న వచ్చిన 2కె23ని అప్పటినుంచీ పిఎస్5లో ఆడుతున్నాను. నాకు అర్థమైనంతలో, ఒకే అట్టలో రెండు పుస్తకాలు కలిపి కుట్టారు. ఒకటి చరిత్ర గురించిన చాలా మంచి పుస్తకం. రెండోది కిరాణా కొట్టు ఖాతా. చిక్కేమిటంటే ఈ రెంటినీ రాసింది ఒకే చెయ్యి.

కొంచెం నేపథ్యం చెప్పాలి. ఒకప్పుడు ఈ గేమ్‌కి పోటీ ఉండేది. ఇఎ కంపెనీ వాళ్ళ ‘ఎన్‌బిఎ లైవ్’ చాలాకాలం ముందుండేది కూడా. 2010లో వాళ్ళు పేరు మార్చి ‘ఎన్‌బిఎ ఎలీట్ 11’ అని ఒకటి తెస్తామన్నారు. ముందుగా వదిలిన డెమోలో ఆండ్రూ బైనమ్ అనే ఆటగాడు కోర్టు మధ్యలో రెండు చేతులూ చాచి శిలువ మీద ఏసుప్రభువులా నిలబడిపోయాడు. చుట్టూ ఆట జరుగుతూనే ఉంది, ఆయన మాత్రం కదలడు. ఆ వీడియో ఇప్పటికీ యూట్యూబ్‌లో జనం చూసి నవ్వుకుంటారు. ఆ గేమ్ విడుదలే కాలేదు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాడిగా నాకు మాత్రం నవ్వుకన్నా ముందు, ఆ బగ్ ఎవరి పేరు మీద నమోదై ఉంటుందో అనే దిగులొస్తుంది. తర్వాత ‘లైవ్’ మళ్ళీ తల ఎత్తింది గానీ 2018లో వచ్చిన ‘లైవ్ 19’తో కన్సోళ్ళ మీద దాని కథ ముగిసింది. ఇప్పుడు ఎన్‌బిఎ ఆటగాళ్ళతో అసలు ఆటలాంటి ఆట కావాలంటే ఉన్నది ఒక్కటే కొట్టు. ఈ విషయం గుర్తుపెట్టుకుంటే తర్వాత చెప్పబోయేవి చాలా అర్థమవుతాయి.

ముందు ఆట సంగతి. ఈసారి చేసిన మార్పుల్లో నాకు బాగా నచ్చింది చూడ్డానికి చాలా చిన్నది. బంతి చేతిలో ఉన్న ఆటగాడి కింద, అలసటని చూపించే గీతకి దిగువన, మూడు బుల్లి గీతలు పెట్టారు. వాటి పేరు అడ్రినలిన్. బంతిని కొడుతూ ఒక్కసారి విసురుగా పక్కకి కోసుకుపోతే ఒక గీత పోతుంది. మూడూ ఖర్చయ్యాక కాళ్ళలో వేగం ఉండదు, విసిరిన బంతి కూడా వట్టిపోతుంది. ఎందుకిది? అంతకుముందు ఏడాది దాకా ఆన్‌లైన్‌లో ఒకడు బంతి పట్టుకుంటే 24 సెకన్ల గడియారం అయిపోవచ్చేదాకా అటూ ఇటూ గెంతుతూ డిఫెండర్ని తిప్పితిప్పి చివర్లో ఒక త్రీ విసిరేవాడు. మిగతా నలుగురూ పెళ్ళిలో వీడియోకి నిలబడ్డ చుట్టాల్లా చూస్తుండేవాళ్ళు. ఇప్పుడు మూడే విసుర్లు. కందపద్యంలో చోటు తక్కువ కాబట్టి ప్రతి మాటా తూచుకోవలసి వచ్చినట్టు, ఇక్కడ ప్రతి కదలికా తూచుకోవాలి. రెండు ఖర్చుపెట్టి దారి దొరక్కపోతే బుద్ధిగా పక్కవాడికి బంతి ఇవ్వాలి. ఆ ఒక్క నియమంతో ఐదుగురు ఆడే ఆట మళ్ళీ ఐదుగురి ఆట అయింది.

ఇక షాట్. ఈ గేమ్ ఎప్పుడూ ఆడని వాళ్ళకి చెప్పాలంటే, బటన్ నొక్కి పట్టుకుంటే ఆటగాడు గాల్లోకి లేస్తాడు. సరైన క్షణంలో వదలాలి. సరిగ్గా పడితే పచ్చ రంగు మెరుస్తుంది, బంతి బుట్టలోకి పోతుంది. ఈ ‘సరైన క్షణం’ అందరికీ ఒకటి కాదు. స్టెఫ్ కరీ బంతి చేతికందడమే తరువాయి వదిలేస్తాడు. జోర్డన్ లేచి, వెనక్కి వాలి, డిఫెండర్ కిందకి దిగడం మొదలుపెట్టాక వదులుతాడు. మనకి వాళ్ళ శరీరాలు లేవు. బొటనవేలు ఒక్కటే ఉంది. కానీ ఓ వంద షాట్లు వేశాక ఆ బొటనవేలికి వాళ్ళ లయ పట్టుబడుతుంది. ఒక మనిషి నడకని అనుకరిస్తే అతని గురించి ఏదో కొత్తగా తెలుస్తుందని మిమిక్రీ చేసేవాళ్ళు చెప్తారు చూడండి, అలాంటి తెలివిడి ఇది. టీవీలో పదేళ్ళు చూసినా కరీ గురించి నాకు తెలియనిది ఒక సాయంత్రం అతన్ని ఆడిస్తే తెలిసింది. అతను తొందరపడడు. అతని తొందరంతా బంతి రాకముందే అయిపోతుంది.

ఆన్‌లైన్‌లో ఈ సంగీతం శ్రుతి తప్పుతుంది. తెరమీద సెకనుకి 60 బొమ్మలు, అంటే ఒక్కో బొమ్మకి 17 మిల్లీసెకన్లు కూడా ఉండదు. డాలస్‌లో ఉన్న నా రూమ్మేట్‌తో హైదరాబాద్ నుంచి ఆడితే సమాచారం పోయి రావడానికే 200 మిల్లీసెకన్ల పైన పడుతుంది. పన్నెండు బొమ్మలు మధ్యలో మాయం. “అరేయ్, నువ్వు లేటుగా వదుల్తున్నావ్ రా” అంటాడు వాడు. సముద్రం అడుగునున్న కేబుల్ పొడవు వాడికి ఎలా చెప్పను.

సరే, ఇప్పుడు ఆ మొదటి పుస్తకం. అట్ట మీద మైకల్ జోర్డన్ ఉన్నాడు. అతని జెర్సీ నంబరు 23, గేమ్ నంబరు 23, కాబట్టి ముహూర్తం కుదిరింది. 2010లో వచ్చిన 2కె11లో ‘జోర్డన్ చాలెంజ్’ అని అతని జీవితంలోంచి పది మాచ్‌లు ఏరి మనచేత ఆడించారు. ఇప్పుడు దాన్ని 15 మాచ్‌లకి పెంచి, పూర్తిగా కొత్తగా కట్టారు. ఒక్కో మాచ్ ముందు ఆనాటి మనుషులు కూర్చుని గుర్తుచేసుకుంటూ మాట్లాడతారు. తర్వాత తెర మారిపోతుంది. రంగులు అంచులు దాటి కారతాయి, బొమ్మ కాస్త మసకబారుతుంది, స్కోరు పాతకాలపు అక్షరాల్లో కనిపిస్తుంది. 1980ల టీవీ ప్రసారాన్ని వీడియో కాసెట్లో రికార్డు చేసి చూస్తున్నట్టు ఉంటుంది. వ్యాఖ్యానంలో మైక్ ఫ్రటెల్లో గొంతు వినిపిస్తుంది.

ఈ మసక నన్ను బాగా ఇబ్బంది పెట్టింది, మంచి అర్థంలోనే. నాకు జోర్డన్ తెలిసింది బస్టాండు పక్కన అమ్మే ఎర్ర టోపీ మీది ఎద్దు బొమ్మగా. అది షికాగో బుల్స్ గుర్తని కూడా తెలీదు. ఆటోల వెనకా, సెలూన్ అద్దాల మీదా, ట్యూషన్‌కి వచ్చే సీనియర్ల టీషర్టుల మీదా ఆ ఎద్దు ఉండేది. 1998లో అతను చివరి ఫైనల్స్ ఆడుతున్నప్పుడు మా ఇంట్లో టీవీ ఉంది గానీ అందులో అతను లేడు. అలాంటిది, ఇప్పుడు ఈ మసక తెర చూస్తుంటే ఏదో పోగొట్టుకున్నది దొరికినట్టు గుండె పట్టేసింది. నాది కాని జ్ఞాపకానికి నేనెందుకు బెంగపడాలి? కాసెట్ మసక మాత్రం నాదే. పెళ్ళిళ్ళ వీడియోలూ, అద్దెకి తెచ్చుకున్న సినిమాలూ అలాగే ఉండేవి. ఈ గేమ్ చేసినవాళ్ళు తెలిసో తెలియకో, తమ గతాన్ని మా గతం రంగులో ముంచి ఇచ్చారు.

చరిత్రని ఆటగా మార్చినప్పుడు ఏం పోతుందో కూడా ఈ పదిహేను మాచ్‌లే చూపిస్తాయి. మొదటిది 1982 నాటి కాలేజీ ఫైనల్. న్యూ ఆర్లియన్స్‌లో అరవై వేల పైచిలుకు జనం ముందు నార్త్ కరొలైనా, జార్జ్‌టౌన్ ఆడుతున్నాయి. జోర్డన్‌కి అది కాలేజీలో మొదటి సంవత్సరం. ఆఖరి సెకన్లలో ఎడమ పక్కనుంచి అతను వేసిన షాట్‌తో 63-62. అందరికీ గుర్తున్నది ఇంతవరకే. కానీ మాచ్ అక్కడితో అయిపోలేదు. జార్జ్‌టౌన్‌కి ఇంకా సమయం ఉంది. బంతి ఫ్రెడ్ బ్రౌన్ చేతిలో ఉంది. అతను కంటి చివరనుంచి ఎవరో తన జట్టువాడే అనుకుని, ఎదుటి జట్టులోని జేమ్స్ వర్దీ చేతికి బంతి ఇచ్చేశాడు. అంతే, ఆట ముగిసింది. తర్వాత జార్జ్‌టౌన్ కోచ్ జాన్ థాంప్సన్ వచ్చి ఆ కుర్రాణ్ణి దగ్గరకి తీసుకుని కావలించుకున్నాడు.

జోర్డన్ షాట్‌ని నేను నాలుగుసార్లు ఆడాను. బ్రౌన్ పాస్‌ని ఒక్కసారి కూడా చూడలేదు. చూసే వీలు లేదు కూడా. ఈ గేమ్‌లో కంప్యూటర్ ఆడించే ఆటగాడు తప్పు పాస్ ఇస్తాడు, బంతి జారవిడుస్తాడు, కానీ ఎదుటివాణ్ణి తనవాడనుకోడు. ప్రోగ్రాముకి ఎవరు ఏ జట్టో ఎప్పుడూ తెలుసు. ఆ సమాచారం ప్రతి బొమ్మ లోపలా ఒక అంకెగా రాసి ఉంటుంది. పొరపడటం అనేది పాసింగ్ నైపుణ్యం తక్కువవడం కాదు, మనిషి చూపు కాసేపు అబద్ధం చెప్పడం. దానికి రేటింగ్ లేదు. ఆ రాత్రి కథలో సగం జోర్డన్‌దైతే సగం బ్రౌన్‌ది. గేమ్ గెలిచినవాడి సగాన్ని ఉంచుకుంది.

అలాగే 1998. యూటా జట్టుతో ఆరో మాచ్, ఆఖరి నిమిషం. జోర్డన్ కార్ల్ మలోన్ చేతిలోంచి బంతి లాక్కుని, బ్రయన్ రసెల్‌ని దాటి, 5.2 సెకన్లు మిగిలుండగా వేసిన షాట్‌తో 87-86. పాతికేళ్ళుగా జనం పోట్లాడుకుంటున్నది ఒకే విషయం: జోర్డన్ చెయ్యి రసెల్‌ని తోసిందా, రసెల్ తనంతట తానే జారాడా? గేమ్‌లో నేను విసురుగా కోసి ఆగితే డిఫెండర్ కాళ్ళు మెలిపడి తూలిపోయే బొమ్మ ఒకటి వస్తుంది. చాలా అందంగా ఉంటుంది. అందులో ఆ చెయ్యి ఉండదు. అనుమానానికి చోటు లేకుండా, పరిశుభ్రంగా తూలిపోతాడు. నిజం చెప్పాలంటే ఆ షాట్ ఇన్నేళ్ళు బతికింది ఆ చెయ్యి వల్ల కూడా.

ఈ లోపాల్ని పక్కన పెట్టండి. అసలు ఈ గేమ్‌ని కొనదగ్గదిగా చేసింది ‘మై ఎన్‌బిఎ ఎరాస్’ అనే భాగం. నాలుగు కాలాలు ఇస్తారు: మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్‌ల 1983, జోర్డన్ 1991, కోబీ బ్రయంట్ 2002, ఇప్పటి కాలం. ఏదో ఒకటి ఎంచుకుని, ఒక జట్టుని చేతిలోకి తీసుకుని, అక్కడినుంచి ఏళ్ళకేళ్ళు నడుపుకుంటూ రావచ్చు. ఇలాంటివి ఇంతకుముందు లేకపోలేదు. కానీ ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు. 1983లో దిగితే నిక్కర్లు పొట్టిగా ఉంటాయి. లీగ్‌లో 23 జట్లే. మయామీ లేదు, టొరాంటో లేదు. కాలం గడిచేకొద్దీ అవి వచ్చి చేరతాయి. త్రీ పాయింట్ గీత నేల మీద ఉంటుంది గానీ దాన్ని పట్టించుకునేవాడుండడు. అసలు చరిత్రలోనూ అంతే. 1983-84లో ఒక జట్టు మాచ్‌కి సగటున రెండున్నర త్రీలు కూడా వేసేది కాదు. 2021-22 సీజన్‌లో ఆ సగటు 35. డిఫెండర్ చెయ్యి నడుం మీద వేసి నెట్టొచ్చు, ఈల ఊదరు. ఇప్పటి ఆటకి అలవాటుపడ్డ నా బొటనవేలు దూరం నుంచి వేద్దామని లాగుతుంటుంది. వేస్తే పడదు. ఎందుకంటే వీళ్ళకి ఆ విద్య రాదు. ఇంకా పుట్టలేదు. ఒక కాలపు మనిషి మరో కాలంలోకి వెళ్తే ముందుగా అడ్డొచ్చేది తన ఒంటి అలవాట్లే అని ఇంత సూటిగా నాకు ఏ చారిత్రక నవలా చెప్పలేదు.

నేను పోర్ట్‌లాండ్ తీసుకున్నాను. కారణం ఉంది. 1984 డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా పంచుకునే తంతులో, హ్యూస్టన్ మొదట ఒలాజువాన్‌ని తీసుకుంది. రెండో వంతు పోర్ట్‌లాండ్‌ది. వాళ్ళు శామ్ బోవీ అనే పొడగరిని తీసుకున్నారు. మూడో వంతులో జోర్డన్ షికాగోకి పోయాడు. ఇది బాస్కెట్‌బాల్ లోకంలో సామెత స్థాయికి వెళ్ళిన పొరపాటు. పోర్ట్‌లాండ్ లెక్క పూర్తిగా తెలివితక్కువదేం కాదు. జోర్డన్ ఆడే స్థానంలో వాళ్ళకి క్లైడ్ డ్రెక్స్‌లర్ అప్పటికే ఉన్నాడు. 1983లో మొదలుపెడితే ఆ నిర్ణయం మొదటి ఏడాది చివర్లోనే మన టేబుల్ మీదకొస్తుంది. నేను జోర్డన్‌ని తీసుకున్నాను, ఇంకెవరైనా అదే చేస్తారు. డ్రెక్స్‌లర్, జోర్డన్ ఒకే జట్టులో. పైగా ‘నైకీ’ కంపెనీ ఉన్నది కూడా పోర్ట్‌లాండ్ పక్కనే, బీవర్టన్‌లో. బూట్లు నడిచొచ్చి ఇవ్వొచ్చు.

పాతకథకి కొత్త మలుపు తిప్పుకోవడం మనకి కొత్త కాదు. ‘మాయాబజార్’ కథ వ్యాసభారతంలో లేదు. అభిమన్యుడికి శశిరేఖనిచ్చి పెళ్ళి చెయ్యాలని ఎవరికో అనిపించింది, నాటకాలు ఆడారు, సినిమాలు తీశారు, ఇవాళ భారతం అంటే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ లేని కథే. ఎరాస్ చేసేది ఆ పనే. నా లోకంలో 1993 అక్టోబర్‌లో జోర్డన్ ఆట మానెయ్యలేదు. అసలు చరిత్రలో ఆ వేసవిలో అతని తండ్రిని చంపేశారు, అతను బాస్కెట్‌బాల్ వదిలి బేస్‌బాల్ ఆడటానికి పోయాడు. గేమ్‌లో ఎవరికీ తండ్రి చనిపోడు. అక్కడ మనుషులకి మోకాళ్ళు విరుగుతాయి, కాంట్రాక్టులు అయిపోతాయి, వయసొచ్చి రేటింగ్ తగ్గుతుంది. దుఃఖం ఉండదు. శశిరేఖ కథలోనూ కురుక్షేత్రం ఉండదు కదా అంటే, నిజమే, ఉండదు. కానీ ఆ సినిమా చూసే ప్రతివాడికీ అభిమన్యుడు ఏమవుతాడో తెలుసు. ఆ తెలియడంలోనే దాని తీపి ఉంది. ఇక్కడ ఆ తెలియడాన్ని ఆడేవాడు తనతో తెచ్చుకోవాలి, గేమ్ ఇవ్వదు. జోర్డన్ 1994లో పోర్ట్‌లాండ్ జెర్సీలో డంక్ చేస్తుంటే నాకు కలిగిన వింత భావం, తెలియని కుర్రాడికి కలగదు. వాడికి అదో పాత జట్టు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఆ 1984 డ్రాఫ్ట్ జాబితాని నేను పైనుంచి కిందకి చదివాను. ఒలాజువాన్ ఉన్నాడు. బోవీ, జోర్డన్, నాలుగో వంతులో డాలస్‌కి పోయిన శామ్ పెర్కిన్స్. ఐదో వంతులో ఫిలడెల్ఫియాకి పోయిన పేరు లేదు. చార్ల్స్ బార్క్‌లీ లేడు.

బార్క్‌లీ అంటే మామూలువాడు కాదు. 1992-93లో లీగ్ మొత్తానికీ అత్యుత్తమ ఆటగాడు. ఆ ఏడాది ఫైనల్స్‌లో జోర్డన్‌కి ఎదురునిలిచింది అతనే. ‘జోర్డన్ కాలం’ అని పేరు పెట్టి అతను లేకుండా చూపించడం, కర్ణుడు లేని భారతం చెప్పడమే. కారణం గేమ్ చేసినవాళ్ళ అజ్ఞానం కాదు. బార్క్‌లీ తన పేరూ రూపమూ వాడుకోవడానికి ఒప్పుకోలేదు. రిటైరైన పాత ఆటగాళ్ళకి కంపెనీ సరిగా డబ్బివ్వాలన్నది అతని పట్టు. ఆ పట్టు నాకు సబబుగానే తోస్తుంది. కానీ ఫలితం చూడండి. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఈ గేమ్‌లోనే తన బాస్కెట్‌బాల్ చరిత్ర నేర్చుకుంటే, అతని 1984లో ఐదో మనిషి పుట్టలేదు. సంతకం పెట్టినవాళ్ళే చరిత్ర. ఈ సంతకాల గొడవ చర్మం దాకా వెళ్ళింది కూడా. లెబ్రాన్ జేమ్స్ ఒంటి మీది పచ్చబొట్ల బొమ్మలు మావి, గేమ్‌లో ఎలా చూపిస్తారు అని హక్కులున్న ఒక కంపెనీ కోర్టుకెళ్ళింది. 2020లో న్యూయార్క్ కోర్టు గేమ్ కంపెనీ పక్షానే తీర్పిచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే లెబ్రాన్ నున్నటి చేతులతో దిగేవాడు.

దీనికి జనం కనిపెట్టిన విరుగుడు ముచ్చటగా ఉంటుంది. ఎవరో అభిమాని రాత్రుళ్ళు కూర్చుని, ముక్కూ బుగ్గలూ సర్ది, గుండు చేసి, బార్క్‌లీని పోలిన బొమ్మని తయారుచేసి అందరికోసం సర్వర్‌లో పెట్టేవాడు. దాన్ని దింపుకుని జట్టులో కలుపుకునే వీలుండేది. నేనూ కలుపుకున్నాను. పోలిక పూర్తిగా కుదరలేదు, కళ్ళు మరీ దగ్గరగా ఉన్నాయి. అయినా అతను రిబౌండ్‌కి లేచినప్పుడు ఒక ఖాళీ పూడినట్టుంది. లిఖిత పురాణం వదిలేసినవాణ్ణి జనం బొమ్మకట్టి ఊరేగించుకోవడం.

ఇంకో ఖాళీ మాత్రం అభిమానుల చేతుల్లో కూడా పూడదు. ఆడవాళ్ళ లీగ్ డబ్ల్యుఎన్‌బిఎ 1997లో మొదలైంది. 2కె23 ప్రత్యేక ఎడిషన్ ఒకదాని అట్ట మీద డయానా టరాసీ, సూ బర్డ్ ఉన్నారు. లోపల అప్పటి లీగ్ ఆడుకోవచ్చు కూడా. కాలాల్లోకి వెనక్కి వెళ్ళే వీలు మాత్రం మగవాళ్ళ ఆటకే. అట్ట ఇచ్చారు, గతం ఇవ్వలేదు.

ఇక రెండో పుస్తకం, అదే కిరాణా ఖాతా. దీని మీద ఎక్కువ చెప్పను, చెప్పాల్సినంత లోతు దానికి లేదు. ‘మై కెరీర్’లో మన పోలికలతో ఒక ఆటగాణ్ణి చేసుకుంటాం. కథ పర్లేదు. జట్టు అభిమానులందరూ షెప్ ఓవెన్స్ అనే కుర్రాడు కావాలనుకుంటే యాజమాన్యం మనల్ని తీసుకుంటుంది. మొదటి రోజునుంచే ఊరు మనకి వ్యతిరేకం. జె కోల్ కూడా వచ్చి కాసేపు కనిపిస్తాడు. కానీ మన ఆటగాడు 60 రేటింగ్‌తో మొదలవుతాడు, అంటే బంతి చేతికిస్తే బస్సెక్కడం మర్చిపోయేరకం. బాగుపడాలంటే విసి అనే గేమ్ డబ్బు కావాలి. 2కె13తో వచ్చిందీ విసి. మాచ్‌లు ఆడి సంపాదించే వీలుండేది, లేదా అసలు డబ్బుతో కొనే వీలుండేది. చొక్కాలకీ బూట్లకీ అదే విసి, చేతి నైపుణ్యానికీ అదే విసి. అక్కడుంది మోసమంతా. టోపీ డబ్బుతో కొనుక్కో, తప్పులేదు. షాట్ కూడా అదే గల్లాలో అమ్మితే, సాధనకి అర్థమేముంది?

నేను ఉద్యోగంలో ఇలాంటి లెక్కలుండే మీటింగుల్లో కూర్చుంటాను. జనం ఎక్కడ విసుగెత్తి ఆపేస్తున్నారు, ఆ విసుగుని ఎంతదాకా సాగదీస్తే కార్డు బయటికి తీస్తారు అని గ్రాఫులు వేసేవాళ్ళు మంచివాళ్ళే, పిల్లలున్నవాళ్ళే. అందుకే ఈ గేమ్‌లోని ‘సిటీ’లో ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకి అంతదూరం ఎందుకు నడవాలో, దారిలో అన్ని హోర్డింగులు ఎందుకున్నాయో నాకు బొమ్మ చూడగానే బోధపడింది. ఇదే కంపెనీ 2019లో స్లాట్ మెషీన్లు తిరిగే ట్రైలర్‌తో గేమ్‌ని ప్రచారం చేసింది. 2020లో డబ్బు పెట్టి కొన్న గేమ్ మధ్యలో దాటవేయలేని వ్యాపార ప్రకటన వేసి, గొడవయ్యాక, అది అక్కడ రావలసింది కాదని సర్దుకుంది. 2022లో వచ్చినప్పుడు కొత్త కన్సోళ్ళ మీద ఈ గేమ్ ధర 70 డాలర్లు. 150 డాలర్ల ఎడిషన్ కూడా ఉండేది. ఆ తర్వాత కూడా చెయ్యి చాపడానికి మొహమాటం లేకపోవడం, పక్క కొట్టు లేకపోవడం వల్లే.

మనవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇక్కడ చాలామంది కంప్యూటర్ల మీద ఆడతారు. పిసికి వచ్చింది కొత్త గేమ్ కాదు, పాత కన్సోళ్ళ కోసం చేసిన రూపం. ఎరాస్ అందులో లేదు. అట్ట అదే, పేరు అదే, లోపల నేను ఇంతసేపూ మాట్లాడిన పుస్తకం చింపేసి ఉంటుంది.

చివరిగా, ఇది ఎన్నాళ్ళుంటుంది? ఈ సిరీస్‌లో సర్వర్లు ఓ రెండేళ్ళు దాటాక ఆపేస్తారు. 2019 సెప్టెంబర్‌లో వచ్చిన 2కె20 సర్వర్లని 2021 డిసెంబర్ 31న మూసేశారు. అంతకుముందు 2015లో 2కె14వి మరీ తొందరగా మూసేసి, జనం గగ్గోలు పెడితే మళ్ళీ తెరిచారు. కొత్త కన్సోళ్ళలో ‘మై కెరీర్’ మొత్తం సర్వర్ మీదే నడిచేది కాబట్టి 2024 చివర్లో 2కె23 సర్వర్లు మూసేశాక సిటీ లేదు, విసి పోసి పెంచుకున్న ఆటగాడు లేడు, అతని బూట్లూ లేవు. ఎరాస్‌ని మాత్రం నెట్ లేకుండా మన డిస్కులోనే దాచుకోవచ్చు. డబ్బు తీసుకున్నవన్నీ పోయాయి, గేమ్‌తో పాటు ఊరికే వచ్చింది మిగిలింది.

అందుకని కొన్నవాళ్ళు ఒక పని చెయ్యాల్సింది. అభిమానులు చేసిన ఆ బార్క్‌లీ బొమ్మ ఉండేది కూడా సర్వర్‌లోనే. సర్వర్లు ఉండగానే దింపుకుని, తమ 1984లో ఫిలడెల్ఫియాకి చేర్చి, ఆఫ్‌లైన్ సేవ్ ఒకటి చేసి పెట్టుకోవాల్సింది. నా సేవ్‌లో ఇప్పుడు 1997 జరుగుతోంది. జోర్డన్ రేటింగ్ రెండు తగ్గింది, డ్రెక్స్‌లర్ కాంట్రాక్టు ఈ ఏడాదితో అయిపోతోంది, అతన్ని ఉంచుకోవడానికి జీతాల లెక్కలో చోటు లేదు.